ఒక్కసారి తీసిన రక్తంతోనే తేలాలి: హెపటైటిస్ పరీక్షలపై ఉమ్మడి వరంగల్ వైద్యాధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ పరిధిలోని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ప్రైవేటు ల్యాబుల నిర్వాహకులకు,

నమస్కారం.

మేం హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో రక్తపరీక్షలు చేసేవాళ్లం. మాలో ల్యాబ్ టెక్నీషియన్లు, మైక్రోబయాలజిస్టులు ఉన్నారు. మీ ముందు పెట్టే కోరిక ఒక్కటే. హెపటైటిస్ (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) అనుమానంతో తీసిన రక్తం ఒక్క కార్డు పరీక్షతో, అంటే చిన్న పట్టీ మీద గీతలు చూసే పరీక్షతో, ఆగిపోకూడదు. కార్డు రియాక్టివ్ (పాజిటివ్ సూచన) వస్తే, తర్వాత చేయాల్సిన పరీక్షలన్నీ అదే రక్తంతో, ఆ మనిషిని మళ్లీ పిలవకుండా, అప్పుడే మొదలు కావాలి.

ఇప్పుడు ఎక్కువ చోట్ల జరుగుతున్నది వేరు. కార్డు మీద రెండు గీతలు కనిపిస్తాయి. చీటీ మీద రాసిచ్చి, పెద్ద దవాఖానకు పోయి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించుకోమంటారు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. బస్సు ఛార్జీ, పోయిన కూలి, వెంట వచ్చే మనిషి, ఇవన్నీ లెక్కేసుకునేసరికి ప్రయాణం వాయిదా పడుతుంది. పైగా అతనికి నొప్పి లేదు, కళ్లు పచ్చబడలేదు. బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపించకుండా కాలేయాన్ని తినేస్తాయి. పొట్టలో నీరు చేరి అతను వచ్చేనాటికి మనం చేయగలిగేది చాలావరకు తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవారు 2.98 కోట్లు, సి ఉన్నవారు 55 లక్షలు. ప్రపంచమంతా కలిపి చూస్తే బి ఉన్నవారిలో ఆ సంగతి పరీక్షలో తేలినవారు 13 శాతమే. మందుల కొరత వల్ల వచ్చిన పరిస్థితి కాదిది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. మనిషి జారిపోయేది కార్డుకూ మాత్రకూ మధ్యలోనే.

ముందు సి సంగతి చూడండి, అక్కడ తప్పు సూటిగా కనిపిస్తుంది. యాంటీ హెచ్‌సీవీ కార్డు చూసేది హెపటైటిస్ సి వైరస్‌కు ఎదురుగా శరీరం తయారుచేసే యాంటీబాడీని, వైరస్‌ను కాదు. సి సోకినవారిలో సుమారు నాలుగో వంతు మందికి వైరస్ దానంతటదే పోతుంది, యాంటీబాడీ మాత్రం ఉండిపోతుంది. మందులు వాడి నయమైనవారికీ అంతే. అందుకే యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్ అన్న ఒక్క ముక్కతో జబ్బు ఉందనీ చెప్పలేం, మందు మొదలుపెట్టనూ లేం. వైరస్ జన్యుపదార్థమైన హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ చూడాల్సిందే. ఇందులో రెండో చిక్కూ ఉంది. వైరస్ సోకిన ఒకటి రెండు వారాలకే ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది, యాంటీబాడీ కనపడాలంటే 8 నుంచి 11 వారాలు పట్టవచ్చు. సూది గుచ్చుకున్న నర్సుకు రెండో వారంలో కార్డు పరీక్ష చేసి నెగటివ్ అని పంపేస్తే ఆమెకు దొరికింది భరోసా కాదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య ఆర్‌ఎన్‌ఏ, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య యాంటీబాడీ, ఈ రెండు తేదీలనూ మొదటి రోజే రాసివ్వాలి. ఇక చికిత్స పూర్తయినవారికి, మాత్రలు ఆపిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ ఒక్కటి చాలు. వాళ్లకు మళ్లీ కార్డు పెట్టి, రెండు గీతలు చూపించి, "ఇంకా పోలేదు" అని భయపెట్టే పద్ధతి ఆగాలి.

బి విషయంలో కార్డు చూసే హెచ్‌బీఎస్‌ఏజీ నేరుగా వైరస్ పైపొర ముక్క. సోకిన ఒకటి నుంచి పది వారాల్లో, సగటున నాలుగు వారాలకు, రక్తంలో తేలుతుంది. అంటే కామెర్లు కనపడేకంటే ముందే. రియాక్టివ్ వచ్చినవారందరిదీ ఒకే కథ కాదు. పెద్దవయసులో కొత్తగా సోకినవారిలో నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లో బయటపడతారు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకిన బిడ్డల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. కొత్తదా పాతదా తేల్చడానికి యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు ముందుగా వచ్చే యాంటీబాడీ) కావాలి. అదీ కొన్నిసార్లు పాత జబ్బు ఉధృతమైనప్పుడు పాజిటివ్ రావచ్చు కాబట్టి, ఆరు నెలల తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ మళ్లీ చూడాలి. హెచ్‌బీఎస్‌ఏజీ పోయి, రక్షణ యాంటీబాడీ ఇంకా రాని మధ్యకాలం ఒకటుంటుంది. ఆ కొన్ని వారాల్లో వచ్చినవారిని ఈ ఐజీఎమ్మే పట్టిస్తుంది. కామెర్లతో వచ్చిన మనిషికి హెచ్‌బీఎస్‌ఏజీ కార్డు ఒక్కటే చేసి "బి లేదు" అని రాయకూడదన్నది అందుకే. వైరస్ జోరుగా పెరిగేటప్పుడు విడుదలయ్యే హెచ్‌బీఈఏజీ అనే యాంటీజెన్ నెగటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ నిద్రపోతోందనుకోవడం కూడా పొరపాటే. ఆ యాంటీజెన్‌ను తయారుచేయకుండానే విపరీతంగా పెరిగే రకాలున్నాయి. వైరల్ లోడ్ చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ ఒకే రక్తంతో చేయాలంటే మొదటి గుచ్చులోనే సరైన ట్యూబులు నిండాలి. మొత్తం 10 ఎంఎల్ లోపు రక్తం చాలు. ముందు నీలం మూత సిట్రేట్ ట్యూబు, తర్వాత పసుపు మూత జెల్ ట్యూబులో 4 ఎంఎల్, చివర ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 3 నుంచి 4 ఎంఎల్. ఈ వరుస తప్పకూడదు. ఊదా ట్యూబు ముందు తీస్తే ఈడీటీఏ కొంత జెల్ ట్యూబులోకి చేరి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తక్కువగా, పొటాషియం ఎక్కువగా చూపిస్తుంది. జెల్ ట్యూబులో వచ్చే ఒకటిన్నర, రెండు ఎంఎల్ సీరం లివర్ ఫంక్షన్ టెస్టుకూ, ప్లేటు గుంటల్లో రంగు చూసి చెప్పే హెపటైటిస్ ఎలైజా పరీక్షలకూ సరిపోతుంది, ఎందుకంటే ఒక్కో ఎలైజాకు కావాల్సింది 50 నుంచి 100 మైక్రోలీటర్లే. ఈడీటీఏ ప్లాస్మా వైరల్ లోడ్‌కు, అదే ట్యూబులోని రక్తంతో ముందుగా ప్లేట్‌లెట్లు లెక్కించాలి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబును మాత్రం వైరల్ లోడ్‌కు పంపకండి, హెపారిన్ వైరస్ జన్యుపదార్థాన్ని పెంచి కొలిచే పీసీఆర్ పద్ధతిని అడ్డుకుంటుంది.

నీలం ట్యూబు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దాంట్లో 0.2 ఎంఎల్ సిట్రేట్ ఉంటే రక్తం 1.8 ఎంఎల్ పడాలి, ఒకటికి తొమ్మిది వంతులు. నరం దొరక్క 1 ఎంఎల్‌తో ఆపేస్తే సిట్రేట్ ఎక్కువై, పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) లేనిపోని పొడవు చూపిస్తుంది. దాని నుంచే లెక్కించే ఐఎన్‌ఆర్ ఎక్కువ వచ్చిందని కుటుంబం రాత్రికి రాత్రి హైదరాబాద్‌కు పరుగెత్తుతుంది. కాబట్టి గీత దాకా నిండని నీలం ట్యూబును తిప్పి పంపే అధికారం టెక్నీషియన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. దీనికి ఎదురుగా జరిగే ప్రమాదం ఇంకా పెద్దది. వైరల్ కామెర్లలో ఎస్‌జీపీటీ (దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్) వేలల్లోకి ఎక్కి, తర్వాత దిగుతుంది. దిగుతున్నప్పుడు బిలిరుబిన్ (కళ్లను పచ్చబరిచే పదార్థం), ఐఎన్‌ఆర్ కూడా దిగుతుంటే మంచిదే. ఎస్‌జీపీటీ 2000 నుంచి 300కు పడి, అదే సమయంలో ఐఎన్‌ఆర్ 1.5 దాటి పెరుగుతుంటే, కాలేయంలో చెడిపోవడానికి కణాలు మిగల్లేదని అర్థం. పసిరికలకు పసరు తాగించి "నంబర్ తగ్గింది" అని సంతోషించే ఇళ్లలో ఈ తేడాను చెప్పగలిగేది రిపోర్టు ఒక్కటే. అందుకే కామెర్ల రోగి ఎవరికైనా లివర్ ఫంక్షన్ టెస్టుతో పాటు పీటీ తప్పనిసరి చేయండి. మనిషి మాట తడబడుతున్నా, పగలంతా మత్తుగా పడుకుంటున్నా పరీక్ష ఫలితం కోసం ఆగకుండా పైకి పంపాలి.

జెల్ ట్యూబును 30 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, పూర్తిగా గడ్డకట్టాకే 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పాలి. లైను పెద్దగా ఉందని పది నిమిషాలకే తిప్పేస్తే సీరంలో సన్నని ఫైబ్రిన్ పోగులు మిగులుతాయి. అవి ఎలైజా గుంటలో అతుక్కుని కడిగినా పోక, లేని పాజిటివ్‌ను చూపిస్తాయి. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ పెరుగుతుంది. బిలిరుబిన్ వెలుతురుకు విరిగిపోతుంది, కిటికీ పక్కన ఎండలో పెట్టిన ట్యూబులో తక్కువ వస్తుంది. ట్యూబుకు నల్ల కాగితమో అల్యూమినియం రేకో చుడితే చాలు. ఈడీటీఏ ట్యూబు నుంచి ప్లాస్మాను ఆరు గంటల్లోపు వేరుచేయాలి. కొన్ని కిట్లు 24 గంటల దాకా ఒప్పుకుంటాయి గానీ మన ఎండలకు ఆరు గంటల మాట పట్టుకోవడమే మంచిది. ఏజెన్సీలోని కేంద్రం నుంచి బండి మధ్యాహ్నం మూడింటికి బయలుదేరే పనైతే, ఉదయం తొమ్మిదిన్నరకు తీసిన రక్తాన్ని అక్కడే సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను వేరే గొట్టంలోకి మార్చి, ఐస్‌ప్యాక్‌తో పంపాలి. రక్తాన్ని రక్తంగానే ఫ్రీజర్‌లో పెడితే కణాలన్నీ పగిలి ఎందుకూ పనికిరాదు.

కార్డుల నిల్వ మీద కూడా మీ దృష్టి పడాలి. డబ్బా మీద 2 నుంచి 30 డిగ్రీలు అని ఉంటుంది. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది, ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో బీరువా లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. కంట్రోల్ గీత వచ్చింది కాబట్టి కార్డు బాగుందనుకుంటారు. ద్రవం పట్టీ మీద చివరిదాకా పాకిందని, అక్కడి రంగు కణాలు పని చేశాయని ఆ గీత చెబుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీని పట్టే యాంటీబాడీ వేడికి దెబ్బతినలేదని చెప్పదు. అది తెలుసుకోవాలంటే ప్రతి కొత్త డబ్బా తెరిచినప్పుడూ, వేసవిలో వారానికోసారీ, తెలిసిన పాజిటివ్ సీరం, నెగటివ్ సీరం పెట్టి చూడాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన కార్డు గది వేడికి వచ్చాకే కవరు చించాలి, లేకపోతే తేమ పట్టి పట్టీ సరిగా పారదు. చదివే సమయం కిట్ కాగితం మీద ఉన్నదే, సాధారణంగా 15 నుంచి 20 నిమిషాలు. గంట తర్వాత ఆరిన కార్డు మీద లేచే పల్చటి గీతను పాజిటివ్‌గా రాయకూడదు. సమయంలోపు వచ్చిన గీత ఎంత పల్చగా ఉన్నా మాత్రం రియాక్టివే, దాన్ని వదిలేయకూడదు. అలాంటి సీరాన్ని ఇంకోసారి తిప్పి, ఎలైజాకో, యంత్రం మీద చేసే క్లియా పరీక్షకో పంపాలి.

ఎందుకంటే రెంటి చూపులో చాలా తేడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదానికి ఎంఎల్‌కు 4 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) హెచ్‌బీఎస్‌ఏజీ ఉన్నా కార్డు పట్టాలి, ఎలైజా లాంటి పరీక్షలైతే 0.13 ఐయూ ఉన్నా పట్టాలి. ఊళ్లలో క్యాంపు పెట్టి వందమందిని చూడడానికి కార్డు మంచి సాధనం. కామెర్లున్న రోగికి, గర్భిణికి, డయాలసిస్ రోగికి కార్డు నెగటివ్‌తో ఊరుకోకండి. ఎలైజాకూ దాని తప్పులు దానికున్నాయి. వాషర్‌లో ఎనిమిది సూదులుంటే, అందులో ఒకటి మూసుకుపోతే ప్లేటులో ఆ అడ్డవరుస మొత్తం రంగెక్కుతుంది. వరుసలో అన్నీ పాజిటివ్ వస్తే నమ్మకుండా సూది చూడాలి. కట్ఆఫ్ (పాజిటివ్, నెగటివ్‌లను విడదీసే హద్దు) దగ్గర తచ్చాడే రియాక్టివ్‌ను రెండు గుంటల్లో మళ్లీ పెట్టాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్న మూడు నాలుగు వారాల్లోపు హెచ్‌బీఎస్‌ఏజీ చూడకండి, టీకాలోని యాంటీజెనే రక్తంలో తేలుతుంది. నర్సింగ్ విద్యార్థులకు టీకా, పరీక్ష ఒకే వారంలో పెడితే అనవసరంగా ఏడిపించిన వాళ్లమవుతాం. జుట్టు కోసం 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు మింగేవారిలో కొన్ని యంత్రాలు హెచ్‌బీఎస్‌ఏజీని తక్కువగా చూపిస్తాయి. రక్తం తీసేముందు ఆ ఒక్క ప్రశ్న అడగాలి.

నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ (A, E) సంగతి వేరు. హెపటైటిస్ ఏ సోకిన 15 నుంచి 50 రోజులకు, హెపటైటిస్ ఈ అయితే 15 నుంచి 60 రోజులకు కామెర్లు బయటపడతాయి. మేడారం జాతర ముగిసిన వారంలో వచ్చిన వాంతులు వేరే కారణం వల్ల కావచ్చు. నీళ్లలో హెపటైటిస్ ఉంటే అది కనపడేది ఆ తర్వాతి రెండు నెలల్లో, భక్తులు తమ తమ ఊళ్లకు చేరాక. కాబట్టి జాతర ఏడాదిలో ఆ రెండు నెలలూ ములుగు, భూపాలపల్లి జిల్లాల్లోనే కాక కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు కూడా ప్రతి కామెర్ల శాంపిల్‌కు హెపటైటిస్ ఏ ఐజీఎం, హెపటైటిస్ ఈ ఐజీఎం కలపాలి. జాతరకు వచ్చారా లేదా, వెనక్కి పోయిన ఊరు, తేదీ, ఈ మూడూ రిక్వెస్ట్ ఫారం మీద ఉండాలి. ఐజీఎం అని స్పష్టంగా రాయండి. టోటల్ యాంటీబాడీ అడిగితే చిన్నప్పుడెప్పుడో హెపటైటిస్ ఏ వచ్చిపోయిన పెద్దలందరికీ పాజిటివే వస్తుంది. గర్భిణికి ఏడో నెల దాటాక కామెర్లు వస్తే హెపటైటిస్ ఈ ఐజీఎం ఫలితం కోసం చూస్తూ కూర్చోకూడదు. ఆ నెలల్లో హెపటైటిస్ ఈ సోకిన తల్లుల్లో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చు. పీటీ అదే గంటలో చేయాలి. జాతరల్లో వేసే పచ్చబొట్ల సూదులు మార్చకపోవచ్చు కాబట్టి, ఆ దారిన వచ్చే బి, సి కోసం మూడు నెలలకు, ఆరు నెలలకు మరో పరీక్ష గుర్తుచేయండి.

ప్రతి పచ్చకన్నూ వైరస్ కాదు. ఆదివాసీ గూడేల్లో సికిల్‌సెల్ ఉన్న పిల్లల్లో ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగి, ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటుంది. గుడుంబా తాగేవారిలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెండింతలు మించుతుంది, రెండూ వేలల్లోకి పోవడం అరుదు. టీబీ మాత్రలు, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా లెక్కలో ఉండాలి.

గర్భిణుల విషయంలో జాగు అసలు పనికిరాదు. మొదటి చెకప్‌లోనే హెచ్‌బీఎస్‌ఏజీ చూసి, రియాక్టివ్ అయితే అదే రక్తంతో హెచ్‌బీఈఏజీ, వైరల్ లోడ్ పంపితే, లోడ్ 2 లక్షల ఐయూ దాటినవారికి 28వ వారం నుంచి టెనోఫోవిర్ (వైరస్‌ను అణిచే మాత్ర) ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది. ఎనిమిదో నెలలో తెలిస్తే ఆ వ్యవధి పోయినట్టే. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా, తల్లి రియాక్టివ్ అయితే వీలైనంతవరకు 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అందాలి. అంటే ఆ ఇంజెక్షన్ కాన్పు జరిగే దవాఖాన ఫ్రిజ్‌లో ముందే ఉండాలి. 1997లో దేశంలోనే మొదటి సొంత హెపటైటిస్ బి టీకా హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. ఆ గడ్డ మీద ఒక్క బిడ్డ కూడా మొదటి రోజు డోసు తప్పిపోవడానికి వీల్లేదని మేం గట్టిగా నమ్ముతున్నాం.

వైరల్ లోడ్‌కు కొత్త యంత్రాలు కొనాల్సిన పని లేదు. టీబీ కోసం ఇచ్చిన ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాల మీద బి, సి వైరల్ లోడ్ కూడా చేయవచ్చు, చిప్పులు, కార్ట్రిడ్జ్‌లు మాత్రం వేరు. టీబీ పనికి ఆటంకం లేకుండా మధ్యాహ్నం తర్వాతి సమయాన్ని దీనికి కేటాయించి, కార్ట్రిడ్జ్‌ల ఇండెంట్‌ను ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ సరఫరాతో కలపండి.

రిపోర్టు రాత కూడా మారాలి. పద్ధతి పేరు, కిట్ పేరు, విలువ, కట్ఆఫ్ ఉండాలి. ఎస్‌జీపీటీకి 40, 45 అని కిట్ కాగితంలోని హద్దులు అచ్చేస్తున్నాం. బి రోగిని అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మగవారికి 30, ఆడవారికి 19. అది పక్కన రాస్తే 38 ఉన్న ఆడమనిషిని నార్మల్ అని ఇంటికి పంపం. ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు రెండూ ఉన్నప్పుడు కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఏపీఆర్‌ఐ లెక్క కూడా వేసివ్వవచ్చు. ఎస్‌జీఓటీని దాని హద్దుతో భాగించి, వందతో గుణించి, వేలల్లో ఉన్న ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగిస్తే చాలు. ఎస్‌జీఓటీ 80, హద్దు 40, ప్లేట్‌లెట్లు లక్ష అయితే 2 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం బి రోగికి 0.5 దాటితే మందు గురించి ఆలోచించాలి, 1 దాటితే సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పాడవడం) అనుమానించాలి. ఖర్చేమీ లేని లెక్క ఇది. ఫలితాన్ని రోగి చేతికే ఇవ్వండి. కేస్‌షీటు అట్ట మీద ఎర్ర సిరాతో పాజిటివ్ అని రాసి వార్డంతా తిప్పడం వెంటనే ఆపించండి. గ్లవ్స్, సూదుల జాగ్రత్తలు ప్రతి రోగికీ ఒక్కటే కావాలి. పేరు బయటపడుతుందన్న భయంతో పరీక్షే వద్దనేవాళ్లు పెరుగుతారు.

రిక్వెస్ట్ ఫారంలో "రియాక్టివ్ అయితే తర్వాతి పరీక్షలు ఇదే శాంపిల్‌పై చేయండి" అన్న ఒక్క గడి చేర్చి, దానికి రోగి సమ్మతిని మొదటే తీసుకుంటే చాలా పని తేలికవుతుంది. ఆ ఫారం, ట్యూబుల వరుస చూపే గోడ కాగితం మేం తయారుచేసి ఇస్తాం. ములుగు జిల్లా ఏజెన్సీ మండలాల్లో ముందు మొదలుపెట్టండి, రెండోసారి రావడం అక్కడివాళ్లకే అన్నిటికంటే కష్టం.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లాల్లో పని చేస్తున్న కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, మైక్రోబయాలజిస్టులు